7 నిమిషాల కోసం 16 ఏళ్లు

2016 జులై 17. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, విచిటా నగరం. నాలుగు ఇంజిన్ల పాత బాంబర్ విమానం ఒకటి రన్‌వే మీద పరుగెత్తి గాల్లోకి లేచింది. 60 ఏళ్ల తర్వాత అది ఎగరడం అదే మొదటిసారి. దాన్ని ఆ స్థితికి తేవడానికి వందలమంది వాలంటీర్లు 16 ఏళ్లు పనిచేశారు. తీరా చూస్తే, పైకి లేచిన కాసేపటికే ఇంజిన్ హెచ్చరిక దీపం వెలిగింది. పైలట్లు క్షణం ఆలోచించకుండా వెనక్కి తిప్పి దించేశారు. మొత్తం ఫ్లైట్ 7 నిమిషాలు!

‘ఇంతోటి దానికా అన్నేళ్ల కష్టం?’ అనిపించిందా? మొదట నాకూ అలాగే అనిపించింది. తర్వాత ఆ విమానం కథంతా చదివాక నా బీటెక్ సర్టిఫికెట్ తీసి ఒకసారి చూసుకున్నాను. నాలుగేళ్లు మెకానికల్ చదివినవాణ్ని. ఫైనలియర్ ప్రాజెక్టు కాలేజీ పక్క జిరాక్స్ షాపులో బైండింగ్‌తో సహా కొన్నవాణ్ని. ఒక్క ఇంజిన్ కూడా నా చేత్తో పూర్తిగా విప్పి బిగించలేదు. అందుకే ఈ విమానం గురించి మీకు చెప్పాలనిపించింది. మీలో చాలామంది నాలాంటివాళ్లే అని నా అనుమానం.

చెత్తకుప్ప నుంచి హ్యాంగర్‌కి

ఆ విమానం బోయింగ్ బీ-29 సూపర్‌ఫోర్ట్రెస్. పేరు ‘డాక్’. 1945లో విచిటాలోని బోయింగ్ ఫ్యాక్టరీలోనే తయారైంది. రెండో ప్రపంచయుద్ధ కాలంలో ఆ ఒక్క ఫ్యాక్టరీ 1,644 బీ-29లను తయారుచేసింది. తర్వాత డాక్ రాడార్ల పనితీరును సరిచూసే దళంలో చేరింది. ఆ దళంలోని విమానాలకు స్నో వైట్ కథలోని మరుగుజ్జుల పేర్లు పెట్టారు. ‘డాక్’ అలా వచ్చిందే. 1956లో పక్కన పెట్టేసి మొహావీ ఎడారిలో వదిలేశారు. అక్కడ అది నౌకాదళం బాంబింగ్ ప్రాక్టీసుకి టార్గెట్ అయింది!

1987లో టోనీ మజోలినీ అనే ఆయన దాన్ని కనిపెట్టాడు. కనిపెట్టగానే ఇచ్చేస్తారా? ప్రభుత్వ ఆఫీసుల చుట్టూ పదేళ్లకు పైగా తిరిగాడు. దీనికి బదులుగా ఇంకో పాత విమానం, బీ-25ని, వెతికి బాగుచేసి మ్యూజియానికి ఇవ్వాలని షరతు పెడితే దానికీ ఒప్పుకున్నాడు. 1998లో డాక్‌ని ఎడారి ఇసుకలోంచి బయటికి లాగారు. అక్కడే బాగుచేద్దామని చూస్తే కుదరలేదు. 2000లో ముక్కలుగా విడదీసి, ట్రెయిలర్ల మీద విచిటాకి తెచ్చారు. అంటే పుట్టింటికే తెచ్చారన్నమాట.

విచిటాకే ఎందుకు? నా దృష్టిలో కథలో అసలు విషయం ఇదే. విడిభాగాలు ఎక్కడైనా దొరకొచ్చు, చేయించుకోవచ్చు. పని తెలిసిన చేతులు మాత్రం ఆ ఊళ్లో ఉన్నాయి. విమాన ఫ్యాక్టరీల్లో జీవితమంతా పనిచేసి రిటైరైనవాళ్లు పొద్దున్నే టిఫిన్ చేసి హ్యాంగర్‌కి వచ్చేవాళ్లు. యుద్ధకాలంలో ఇదే ఫ్యాక్టరీలో బీ-29లకు రివెట్లు వేసిన ఒకావిడ కూడా వాలంటీరుగా వచ్చి డాక్ మీద పనిచేశారు. వాళ్ల పక్కన పనిలో ఉన్న మెకానిక్కులు, మాజీ సైనికులు, విమానాల పిచ్చి ఉన్న మామూలు జనం. జీతం లేదు. లక్షల గంటల పని.

రివెట్ ఒక్కరే వేయలేరు

విమానం రేకులకు రివెట్ ఎలా వేస్తారో తెలుసా? బయట ఒకరు రివెట్ గన్ పట్టుకుంటారు. రేకుకి అవతలివైపు, చాలాసార్లు ఇరుకులో దూరి, ఇంకొకరు బరువైన ఇనుప దిమ్మను ఆనించి పట్టుకుంటారు. గన్ దెబ్బకి రివెట్ తోక ఆ దిమ్మకి తగిలి గుండీలా పరుచుకుంటుంది. ఎక్కువ కొడితే రేకు దెబ్బతింటుంది. తక్కువైతే పట్టు ఉండదు. ఎంత పరుచుకోవాలో పుస్తకంలో కొలత ఉంటుంది. సరిగ్గా ఆ కొలత దగ్గర ఆపడం మాత్రం చేతికి తెలియాలి. ఆ చేతికి చెప్పేది అవతలి చెయ్యే.

మనం చదువనుకునేదంతా మొదటి సగం. కొలత, ఫార్ములా, డ్రాయింగ్. రెండో సగం ఇంకొకరి పక్కన నిలబడితే తప్ప రాదు. డాక్ పని 2000లో మొదలైంది కాబట్టి ఆ రెండో సగం తెలిసినవాళ్లు బతికున్నారు. ఇంకో 20 ఏళ్లు ఆలస్యమైతే డ్రాయింగులు ఉండేవి, విమానమూ ఉండేది, అడగడానికి ఆ మనుషులు ఉండేవాళ్లు కాదు.

ఇంకో మాట. బాగుచేయడమంటే ఉన్నదాన్ని ఉన్నట్టు దించేయడం కాదు. బీ-29 ఇంజిన్ రైట్ ఆర్-3350కి 18 సిలిండర్లు, రెండు వరసల్లో. యుద్ధకాలంలో అది విపరీతంగా వేడెక్కేది, మంటలు అంటుకునేవి. 1943లో ఇలాంటి మంటల వల్లే నమూనా విమానం ఒకటి సియాటిల్‌లో కూలి టెస్ట్ పైలట్ ఎడ్డీ ఆలెన్, ఆయన జట్టు చనిపోయారు. అందుకే డాక్‌కి పాత ఇంజిన్లు పెట్టలేదు. అదే కుటుంబంలో తర్వాత వచ్చిన మెరుగైన మోడళ్ల భాగాలు కలిపి కట్టిన ఇంజిన్లు పెట్టారు. ఏది ఉంచాలో, ఏది మార్చాలో తెలియడమే ఇంజినీరింగ్. ఆ తేడా పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా రాదు.

అదే విమానం, ఇంకో కథ

ఇక్కడ మీకు రెండో బీ-29 గురించి చెప్పాలి. దాని పేరు ‘కీ బర్డ్’. 1947 ఫిబ్రవరిలో దారితప్పి గ్రీన్‌లాండ్ ఉత్తర కొసన మంచులో దిగిపోయింది. సిబ్బందిని కాపాడారు, విమానం అక్కడే ఉండిపోయింది. 1994లో డారిల్ గ్రీనమయర్ అనే పేరున్న టెస్ట్ పైలట్ ఒక చిన్న జట్టుతో వెళ్లాడు. ఆ చలిలో నాలుగు ఇంజిన్లు, ప్రొపెల్లర్లు, టైర్లు మార్చారు. పని పూర్తయ్యేలోపే చలికాలం ముంచుకొచ్చింది. జట్టులోని ప్రధాన మెకానిక్ రిక్ క్రీగ్ అనారోగ్యం పాలై చనిపోయాడు.

మరుసటి ఏడాది మే నెలలో మళ్లీ వెళ్లారు. ఇంజిన్లు స్టార్టయ్యాయి. విమానం మంచు మీద కదిలింది కూడా. ఎగుడుదిగుళ్ల మీద కుదుపులకు, వెనక భాగంలో ఉన్న చిన్న జనరేటర్ యూనిట్‌కి తాత్కాలికంగా అమర్చిన ఇంధనం ట్యాంకు లీకైంది. మంటలు అంటుకున్నాయి. మనుషులు బయటపడ్డారు. దాదాపు 50 ఏళ్లు మంచులో భద్రంగా ఉన్న విమానం కళ్లముందే కాలిపోయింది.

వాళ్లకేం తెలివి తక్కువ కాదు. గుండెధైర్యమూ తక్కువ కాదు. వాళ్లకు లేనిది టైమ్. ‘ప్రస్తుతానికి సరిపోతుందిలే’ అని పెట్టిన చిన్న ట్యాంకు మొత్తం కష్టాన్ని మింగేసింది. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకు ఈ మాట బాగా తెలుసు. ‘ముందు రిలీజ్ చేసేద్దాం, తర్వాత చూసుకుందాం’ అని మనమూ ఎన్నిసార్లు అనలేదు!

ఇప్పుడు మళ్లీ డాక్ 7 నిమిషాల దగ్గరికి రండి. 16 ఏళ్లు ఎదురుచూసిన రోజు. దీపం వెలిగింది. ‘ఒక్క రౌండ్ వేసి దించుదాం’ అనుకోలేదు. దించేశారు. చూసుకున్నారు. మళ్లీ ఎగిరారు. అది ఇప్పటికీ ఎగురుతోంది. ప్రపంచం మొత్తంలో ఎగిరే స్థితిలో ఉన్న బీ-29లు రెండే, ఒకటి డాక్, రెండోది ‘ఫిఫి’. నాకిప్పుడు ఆ 7 నిమిషాలే మొత్తం కథలో గొప్ప భాగం అనిపిస్తోంది.

‘బాంబర్ విమానానికి ఇంత పండగా?’

ఈ ప్రశ్న అడగాల్సిందే. హిరోషిమా మీద, నాగసాకి మీద అణుబాంబు వేసింది బీ-29లే. 1945 మార్చిలో టోక్యోని ఒక్క రాత్రిలో బూడిద చేసిందీ అవే. ఆ సంగతి పక్కనపెట్టి రివెట్ల అందం గురించి మాట్లాడితే తప్పే. అలాంటి విమానాన్ని చూసి గర్వపడమని నేను చెప్పను. కానీ కరిగించేస్తే ఆ చరిత్ర చెరిగిపోదు. ఎదురుగా ఉంటే పిల్లలు అడుగుతారు, పెద్దలు జవాబు చెప్పాల్సి వస్తుంది.

రెండో అభ్యంతరం ప్రాణాలది. 2019 అక్టోబరులో అమెరికాలోని కనెక్టికట్‌లో ఒక పాత బీ-17 కూలి ఏడుగురు చనిపోయారు. దర్యాప్తులో మెయింటెనెన్స్ లోపాలూ బయటపడ్డాయి. కాబట్టి ‘ప్యాషన్’ ఉంటే చాలదు. వాలంటీరు అంటే ఫ్రీగా చేసేవాడే, ఎలాగోలా చేసేవాడు కాదు. డాక్‌కి కూడా అక్కడి విమానయాన సంస్థ తనిఖీ చేసి అనుమతి ఇచ్చాకే రన్‌వే ఎక్కింది. ఏ భాగం ఎవరు విప్పారు, ఎవరు చూశారు, ఎవరు సంతకం పెట్టారు అన్న కాగితం లేకపోతే ఎంత మెరిసే విమానమైనా ఎగరడానికి పనికిరాదు.

మన సంగతేంటి?

విశాఖ ఆర్కే బీచ్‌లో టీయూ-142 చూసే ఉంటారు. నౌకాదళంలో 29 ఏళ్లు పనిచేసిన విమానం. లోపలికెళ్లి తిరిగి, సెల్ఫీ దిగి వచ్చేస్తాం. మంచిదే. మ్యూజియం విమానాన్ని కాపాడుతుంది. కానీ పనితనాన్ని కాపాడేది పనిచేసే యంత్రమే. మన వాయుసేన వింటేజ్ దళంలోని డకోటా ‘పరశురామ’ 2018లో తిరిగి మన దేశానికి ఎగిరొచ్చింది. అయితే దాన్ని బాగుచేసింది బ్రిటన్‌లో.

మనకు చేతకాదని కాదు. హైదరాబాద్ శివారు ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు తయారవుతున్నాయి. ఆ ఫ్యాక్టరీలకు కావాల్సింది డిగ్రీతో పాటు తీరిన చెయ్యి. ఈ రంగం మీద ఆశ ఉన్నవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోండి. ఏరోనాటికల్ బీటెక్ ఉన్నంత మాత్రాన విమానం ‘ఎగరడానికి ఓకే’ అని సంతకం పెట్టలేరు. దానికి డీజీసీఏ ఇచ్చే ఏఎంఈ లైసెన్స్ వేరే ఉంది. పరీక్షలతో పాటు విమానాల మీద పనిచేసిన అనుభవం చూపిస్తేనే అది వస్తుంది. అంటే ప్రభుత్వం కూడా ‘చేత్తో చేశావా?’ అనే అడుగుతోంది.

మీ ఊళ్లో బీ-29 ఉండదు. అక్కర్లేదు. తాతగారి బజాజ్ చేతక్ ఉందా? అటక మీద కుట్టు మిషన్? మూలనపడ్డ డీజిల్ పంపుసెట్? అదే మీ విమానం. ఇద్దరు ముగ్గురు ఫ్రెండ్స్ కలవండి. విప్పేముందు ప్రతిదీ ఫొటో తీయండి. బోల్టులు కవర్లలో వేసి చీటీలు అంటించండి. ఏ రోజు ఏం చేశారో, ఏది చెడగొట్టారో నోట్‌బుక్‌లో రాయండి. చెడగొట్టింది తప్పకుండా రాయండి. ఇంటర్వ్యూలో ‘ప్రాజెక్ట్ ఏం చేశావు’ అంటే ఆ నోట్‌బుక్ తీసి చూపించండి. అవతలివాళ్లు రెండు ప్రశ్నలు అడిగితే మీ దగ్గర నాలుగు జవాబులుంటాయి. కొన్న ప్రాజెక్టుతో నేను కూర్చున్నప్పుడు నా దగ్గర ఒక్కటీ లేదు.

అన్నిటికన్నా ముఖ్యంగా, పని తెలిసిన పెద్దవాళ్లలో ఒకరిని వెతకండి. ఆర్టీసీ డిపోలో, రైల్వే వర్క్‌షాపులో, మూతపడ్డ ఏదో ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాళ్లు మీ కాలనీలోనే ఉంటారు. పొద్దున వాకింగ్‌లో మీ పక్కనుంచే వెళ్తుంటారు. ‘అంకుల్, ఈ ఇంజిన్ స్టార్టవట్లేదు, ఒకసారి చూస్తారా?’ అని అడిగి చూడండి. నాకు తెలిసి ఎవరూ కాదనరు.

మా మామయ్య ఆర్టీసీలో మెకానిక్. పొడవాటి స్క్రూడ్రైవర్ కొసను ఇంజిన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, ఏ బేరింగ్ పోయిందో చెప్పేవాడు. చిన్నప్పుడు అది మ్యాజిక్ అనుకునేవాణ్ని. బీటెక్‌లో చేరాక ‘ఒకసారి డిపోకి రారా, చూపిస్తా’ అని చాలాసార్లు పిలిచాడు. సెమిస్టరని, కోచింగని, ప్లేస్‌మెంట్లని వెళ్లలేదు. పోయిన సంక్రాంతికి పాత స్కూటర్ ముందు ఇద్దరం కూర్చున్నాం. స్క్రూడ్రైవర్ చెవికి పెట్టుకుని కాసేపు చూసి నా చేతికిచ్చేశాడు. ‘నాకిప్పుడు సరిగ్గా వినపడట్లేదురా. నువ్వు విని చెప్పు, ఎలా ఉందో’ అన్నాడు.

నాకు గరగరమనే శబ్దం తప్ప ఏమీ తెలియలేదు. ఎలాంటి గరగర, ఎప్పుడు పెరుగుతోంది అని ఆయన అడుగుతుంటే చెప్పడానికి ప్రయత్నించాను. ఆ రోజు స్కూటర్ స్టార్ట్ కాలేదు. ఉగాదికి మళ్లీ వెళ్తున్నాను.

మీరు ఎవరి దగ్గరికి వెళ్తున్నారు?