మధ్యదారిలో తోడు

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు అడిగారు. "అన్నా, చదువు గురించి అందరూ రాస్తారు. నువ్వు నీ పరుగు గురించి రాయి" అన్నారు. సరే, పరుగు గురించే రాస్తాను. కానీ చివరికి అది చదువు దగ్గరికే వస్తుంది. కోప్పడకండి.

మారథాన్ అంటే 42.195 కిలోమీటర్లు. అంతకు మించిన పరుగును అల్ట్రా మారథాన్ అంటారు. అది కొండలు, అడవి బాటల వెంట సాగితే ట్రయల్ అల్ట్రా. అమెరికాలోని కాలిఫోర్నియాలో 100 మైళ్ల గుర్రపు స్వారీ పోటీ ఒకటి ఉంది. 1974లో గోర్డీ ఐన్‌స్లీ అనే యువకుడు గుర్రం లేకుండానే ఆ దారంతా పరుగెత్తి 24 గంటల లోపు ముగించాడు. ఇప్పటి వెస్టర్న్ స్టేట్స్ పరుగుకు అదే నాంది. మన పక్కనే కర్ణాటకలో మల్నాడు కాఫీ తోటల మధ్య కూడా ఇలాంటి పరుగులు జరుగుతున్నాయి.

పోయిన ఏడాది నేను 50 కిలోమీటర్ల కొండదారి పరుగుకు పేరిచ్చాను. పూర్తి చేయలేకపోయాను. 38వ కిలోమీటరు దగ్గర గడువు దాటిందని ఆపేశారు.

దానికి 20 వారాల సాధన కావాలి. మొదటి నెల తెల్లవారుజామున నాలుగున్నరకే లేచేవాణ్ణి. గదిలోని మిత్రులు మెచ్చుకునేవారు. మా అమ్మ మాత్రం ఫోనులో "చదువుకోమని పంపితే ఆ పరుగేందిరా, నిన్నెవరు తరుముతున్నారు?" అనేది. తొమ్మిదో వారం వచ్చేసరికి మెచ్చుకునేవాళ్లు లేరు. పందెం ఇంకా చాలా దూరం. ఒకరోజు వాన, ఒక వారం ఇంటర్నల్ పరీక్షలు, ఇలా సాధన తప్పింది. తప్పిన దూరమంతా ఒక్క ఆదివారమే తీర్చేద్దామని 35 కిలోమీటర్లు పరుగెత్తి, మోకాలి కింద ఎముక నొప్పి తెచ్చుకుని మూడు వారాలు కుంటాను. నా పందెం ఆ తొమ్మిదో వారంలోనే పోయింది.

అందుకే నా అభిప్రాయం ఇది. ఆవేశం మొదటి నెల వరకే పనికొస్తుంది. ఆ తర్వాత నిలబెట్టేది ముందే చేసుకున్న ఏర్పాటు. ఈసారి వారానికి నాలుగు రోజులే పరుగు, అందులో ఆదివారం ఒక్కటే పొడుగు పరుగు. దూరం కొద్దికొద్దిగా పెంచుతూ, ప్రతి నాలుగో వారం తగ్గిస్తున్నాను. ఎత్తు వచ్చినచోట సిగ్గుపడకుండా నడుస్తున్నాను. జేబులో పల్లీపట్టి, సీసాలో ఉప్పు వేసిన నిమ్మనీళ్లు పెట్టుకుని, నీరసం రాకముందే కొంచెం కొంచెం తీసుకుంటున్నాను. మనసు లేని రోజు బూట్లు కట్టుకుని పది నిమిషాలు వెళ్లాలి, అప్పటికీ వద్దనిపిస్తే వెనక్కి రావచ్చు. ఇది నాకు నేను పెట్టుకున్న షరతు. చాలాసార్లు వెనక్కి రాలేదు. నొప్పి ఉంటే మాత్రం ఆగుతున్నాను.

నిజానికి ఈ పద్ధతి నాకు నేర్పింది మన హాస్టల్ గంటే. ఐదింటికి గంట కొడితే ఇష్టమున్నా లేకున్నా లేచి స్టడీ అవరుకు కూర్చున్నాం. అప్పుడు తిట్టుకున్నాం. బయటికి వెళ్లాక ఆ గంట ఉండదు.

పదో తరగతిలో మా గదిలో లెక్కల్లో నాకంటే చురుకైనవాడు ఒకడుండేవాడు. ఇలాంటి వార్షికోత్సవ వేదిక మీదే బహుమతి అందుకున్నాడు. ఇంటర్ రెండో సంవత్సరంలో వాళ్ల నాయనకు జబ్బు చేస్తే రెండు నెలలు కూలికి పోయాడు. తర్వాత కాలేజీకి రావడానికి మొహం చెల్లలేదు. ఆ రెండు నెలల్లో మాలో ఒక్కరం కూడా వాడి ఊరికి వెళ్లలేదు. నేనూ వెళ్లలేదు. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనని ఎవరైనా మెచ్చుకుంటే వాడే గుర్తొస్తాడు.

2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మనలాగే సాంఘిక సంక్షేమ విద్యార్థులు. శిఖరం మీది ఫొటో అందరికీ తెలుసు. అంతకు ముందు భువనగిరి గుట్ట మీద శిక్షణలో గడిచిన రోజుల గురించి తక్కువ మాట్లాడుకుంటాం. ఆ రోజుల్లో వాళ్ల వెంట శిక్షకులున్నారు.

వెస్టర్న్ స్టేట్స్‌లో సుమారు 100 కిలోమీటర్లు దాటాక పేసర్ అనే తోడును అనుమతిస్తారు. అతను పక్కన పరుగెత్తవచ్చు, ధైర్యం చెప్పవచ్చు. పరుగువాడి సామాను మాత్రం మోయకూడదు. నాకు ఈ నియమం బాగా నచ్చింది.

పూర్వ విద్యార్థులైన అన్నలకు నా విన్నపం. ఏటా ఈ రోజున బహుమతులిస్తున్నారు, సంతోషం. దానితో పాటు ఇంటర్, డిగ్రీ మధ్యలో ఉన్న ఒక్కొక్క తమ్ముడి పేరు రాసుకోండి. నెలకొకసారి ఫోను చేయండి. ఎత్తకపోతే ఊరికి వెళ్లండి. ఫీజు కట్టలేకపోయినా ఫర్వాలేదు. నేను ఇద్దరి పేర్లు రాసుకున్నాను.

తమ్ముళ్లారా! మధ్యలో ఉత్సాహం తగ్గితే మీరు పనికిరానివాళ్లని అనుకోకండి. తొమ్మిదో వారం అందరికీ వస్తుంది. ఆ రోజు పది నిమిషాలు పుస్తకం ముందు కూర్చోండి. ఒకరికి ఫోను చేయండి.

పోయిన నెల ఆ మిత్రుడి ఊరికి వెళ్లాను. ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టమన్నాను. ఆలోచిస్తానన్నాడు. మళ్లీ వెళ్తాను.

— పూర్వ విద్యార్థి, ఎమ్మెస్సీ రెండవ సంవత్సరం