అద్దాల మేడలూ, మన బండలూ

సైబర్ టవర్స్‌ని తిట్టిపోయడం ఈమధ్య చదువుకున్నవాళ్ళలో ఒక ఫాషన్ అయిపోయింది. తిట్టేవాళ్ళలో సగంమంది జీతాలు ఆ చుట్టుపక్కల భవనాల్లోంచే వస్తాయి, ఆ మాట అలా ఉంచండి. 1998 నవంబరు 22న ఆనాటి ప్రధాని వాజ్‌పేయి ఆ గుండ్రటి పదంతస్తుల మేడని ప్రారంభించే నాటికి మాదాపూర్ అంటే చాలావరకు బండలూ, పొదలూ, మధ్య మధ్య పొలాలూను. ఆ మేడా, దాని వెనక వచ్చినవీ లేకపోతే మనలో ఎందరో డిగ్రీ కాగితాలు చేతపట్టుకుని బెంగుళూరు రైలెక్కవలసిన వాళ్ళే. కాబట్టి నా తగాదా ఉద్యోగాలతో కాదు, కంప్యూటర్లతో కాదు, ఆఖరికి ఆధునిక వాస్తుకళతో కూడా కాదు. ఎక్కడ కడుతున్నామో ఆ చోటుని ఒక్క మాటైనా అడగకుండా కట్టేయడంతోనే నా తగాదా అంతా.

“బయటినుంచి వచ్చింది కనుక మనది కాదు” అనే వాదం హైదరాబాదులో నిలబడదు. కాచిగూడ స్టేషనూ, మూసీ ఒడ్డున హైకోర్టూ, దానికి ఎదుటి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రీ గీసిన విన్సెంట్ ఎష్ ఇంగ్లీషువాడు. మన ఆర్ట్స్ కాలేజీ సంగతే చూడండి. విశ్వవిద్యాలయ భవనాల కోసం నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని దేశదేశాలు తిప్పింది. వాళ్ళు ఎన్నుకొచ్చింది ఈజిప్టులో పనిచేసిన ఎర్నెస్ట్ జాస్పర్ అనే బెల్జియం దేశస్థుణ్ణి. పారిస్‌లోనో కైరోలోనో అప్పటికే కట్టిన ఒక మేడ నకలు తెచ్చి ఇక్కడ దింపితే ఎవరడుగుతారు? అతనలా చెయ్యలేదు. ఈ గడ్డమీద ఉన్న పాత కట్టడాలని చూశాడు. 1939లో ప్రారంభమైన ఆ భవనంలో ఎల్లోరాని గుర్తుచేసే స్తంభాలున్నాయి, వాటి సరసనే అరబ్బు కమానులున్నాయి. రాయి మాత్రం మన రాయే. మే నెల మధ్యాహ్నం ఆ వరండాలో పది నిమిషాలు నిలబడ్డవాడికి ఆ గోడలు అంత మందంగా ఎందుకున్నాయో వేరే లెక్చరు అక్కర్లేదు.

అది పాతకాలపు రాతిపని, ఇప్పుడు కుదరదంటారా? సరే, కాంక్రీటు సంగతే చూద్దాం. 1960లలో చార్లెస్ కొరియా మన ఊళ్ళోనే ఈ.సి.ఐ.ఎల్. కార్యాలయం కట్టాడు. అచ్చంగా ఆధునిక భవనమే. అయినా పైన ఎండకి అడ్డంగా పందిరి వేశాడు, లోపల నీడపట్టున ఖాళీ వదిలాడు. పల్లెటూరి ఇంటి ముందు తాటాకు పందిరి చేసే పనినే కాంక్రీటు చేత చేయించాడన్నమాట. ఇంకా పైకి వెళితే, ఆధునిక వాస్తుకళకి పెద్దదిక్కు అనదగ్గ లె కార్బూజియే కథ ఉంది. 1933లో పారిస్‌లో దిక్కులేనివాళ్ళ కోసం ఒక వసతి గృహాన్ని గాలి చొరని అద్దాల గోడతో కట్టాడు. వేసవి రాగానే లోపలివాళ్ళు ఉడికిపోయారు. చివరికి దాని ముఖానికి ఎండమరుగు పలకలు అమర్చవలసి వచ్చింది. పారిస్ ఎండకే ఆ గతి పట్టిందంటే, నలభై డిగ్రీలు దాటే మన గచ్చిబౌలిలో పడమటి ముఖానికి నిలువునా అద్దం తొడగడాన్ని ఏమనాలి? దాన్ని ఆధునికత అనడానికి నాకు నోరు రాదు. ఆధునికత తొంభై ఏళ్ళ కిందటే నేర్చుకున్న పాఠాన్ని మనం మరిచిపోయామంతే.

తమాషా ఏమిటంటే, ఆ అద్దాల వెనక రోజంతా కర్టెన్లు దించే ఉంటాయి. బయట పట్టపగలు, లోపల ట్యూబులైట్లు. లోపలివాళ్ళకి చల్లదనం కోసం యంత్రాలు బయటికి నెట్టే వేడిని ఎవరు భరిస్తున్నారు? గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్, టీ బండివాడు, బస్సు కోసం చూసే స్వీపరమ్మ. ఎలివేషన్ బాగుందని మెచ్చుకునేవాళ్ళు ఆ గేటు బయట ఒక గంట నిలబడితే బాగుండును.

ఇక జ్ఞాపకం మాట. ఆ ప్రాంతంలో ఊళ్ళ పేర్లే ఒక చరిత్ర. కొత్తగూడ, ఖాజాగూడ, నానక్‌రాంగూడ, రాయదుర్గం. గచ్చిబౌలి పేరులో బావి ఉంది, బావిని గట్టిచేసిన గచ్చు ఉంది. రాళ్ళ మధ్య దాక్కున్న దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకి మంచినీళ్ళిచ్చింది. ఇప్పుడు దానిమీద 2020లో ప్రారంభించిన తీగల వంతెన ఉంది. సాయంత్రం జనం వంతెన మీద ఫొటోలు దిగుతారు, కింద నీళ్ళకేసి చూసేవాళ్ళు తక్కువ. పక్కన వెలిసిన పేర్లేమో నాలెడ్జ్ సిటీ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్. ఈ పేర్లు దుబాయిలో పెట్టినా సరిపోతాయి, షాంఘైలో పెట్టినా సరిపోతాయి. సైబర్ టవర్స్‌కి కూతవేటు దూరంలో శిల్పారామం ఉంది. టిక్కెట్టు కొనుక్కుని లోపలికి వెళితే మట్టి గోడల ఇళ్ళు, కుమ్మరి చక్రం, మగ్గం చూడొచ్చు. చుట్టూ ఉన్న నిజం పల్లెల్ని అపార్టుమెంట్ల కింద పూడ్చి, మధ్యలో బొమ్మ పల్లెకి కంచె వేసుకున్నాం.

అన్నిటికంటే పాత జ్ఞాపకం మాత్రం బండలే. ఇప్పుడో ఇంకాసేపటికో దొర్లిపోతాయేమో అన్నట్టు ఒకదానిమీదొకటి నిలబడ్డ ఆ గుండ్ల రాయి వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. చార్మినారుది 1591. బిల్డరు దృష్టిలో మాత్రం బండ అంటే మందుగుండు ఖర్చు. 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ వాళ్ళు తిరగ్గా తిరగ్గా కొన్ని గుట్టలకైనా వారసత్వ సంపదగా గుర్తింపు వచ్చింది. మిగిలినవి కంకరయ్యాయి. ఆ కంకరే కాంక్రీటులో కలిసి మళ్ళీ అక్కడే మేడలై లేచింది.

మిత్రులారా, ఇదంతా అయిపోయిన కథ కాదు. 2025 మార్చి నెలాఖరులో కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి యంత్రాలు దిగినప్పుడు అడ్డుపడింది హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమంది. అక్కడ పుట్టగొడుగు ఆకారంలో నిలబడ్డ రాయి పేరు అప్పుడుగాని ఊరందరికీ తెలియలేదు. “అభివృద్ధికి అడ్డం పడుతున్నారు” అన్నవాళ్ళకి నా ప్రశ్న ఒక్కటే: ఆఫీసులు ఎక్కడైనా కట్టుకోవచ్చు, ఈ రాళ్ళని ఎక్కడ కడతారు?

మన సివిల్ విద్యార్థుల్లో కొందరు నాలుగేళ్ళలో ఆ కారిడార్‌లోనే సర్వే గొలుసు పట్టుకుని నిలబడతారు. వాళ్ళనీ, ప్లాన్లు పాసుచేసే ఆఫీసుల్లో కూర్చున్న మన పాత విద్యార్థుల్నీ నేను అడిగేది ఎక్కువేమీ కాదు. స్థలం కొలిచినప్పుడు ప్రహరీతోపాటు ప్రతి బండనీ, బావినీ, వాననీళ్ళు చెరువుకి పోయే దారినీ మ్యాపులో గీయండి. అవి లేని మ్యాపుని తిప్పి పంపండి. పడమటి గోడకి నీడ చూపించని ప్లానునీ దాంతోపాటే పంపండి.