బ్రేకు కీచుమంటే నూనె వేయవచ్చునా?

పిల్లలూ! తలుపు కిర్రుమంటే బందులో రెండు చుక్కలు నూనె వేస్తాము గదా. మోటారు సైకిలు బ్రేకు కీచుమంటే మాత్రం ఆ పని చేయరాదు!

1969లో జపానులోని హోండా కంపెనీవారు సీబీ 750 అనే బండి తెచ్చారు. దాని ముందు చక్రంతోబాటు ఒక ఉక్కు పళ్ళెం తిరుగుతుంది. లివరు నొక్కితే గొట్టంలోని ద్రవం పిస్టనును తోస్తుంది. రెండు ప్యాడులు పళ్ళాన్ని చెరొకవైపునా అదుముతాయి. ఆ రాపిడివల్లనే బండి ఆగుతుంది. నూనె తగిలిందా, ప్యాడు జారిపోతుంది, బండి ఆగదు!

ప్యాడు పట్టి, జారి, మళ్ళీ పట్టి, సెకనుకు వేలసార్లు అదిరితే కీచుమంటుంది. తడివేలితో పలుచని గాజుగ్లాసు అంచు రుద్ది చూడండి, అదీ యిలాగే పాడుతుంది.

మరి లివరు వదిలాక పిస్టనును వెనక్కి లాగేదెవరు? స్ప్రింగు కాదు, పిస్టను చుట్టూ వున్న రబ్బరు ఉంగరం! పిస్టను ముందుకు పోతే అది కాస్త వంగుతుంది. వదలగానే మామూలుగా అయి, పిస్టనును వెనక్కి తెస్తుంది. ఆ దూరం మిల్లీమీటరులో కొద్దిభాగమే. బ్రేకు ద్రవం గాలిలోని చెమ్మను పీలుస్తుంది. అందుచేత పాతబండిలో పిస్టను తుప్పుపట్టి, ఉంగరపు గాడిలో మడ్డి చేరుతుంది. పాపం, రబ్బరుకు బలం చాలదు! ప్యాడు పళ్ళాన్ని వదలదు. పళ్ళెం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. మెకానిక్కు గాడి శుభ్రంచేసి, కొత్త ఉంగరమూ, కొత్త ద్రవమూ, అవసరమైతే కొత్త పిస్టనూ వేస్తాడు.

ఈ బండికి పిస్టను ఒకవైపే వున్నది. రెండో ప్యాడు కూడా అదమాలంటే, ప్యాడులను పట్టివుంచే కాలిపరు మొత్తం ఒక కీలుమీద కదలాలి. అది బిగిసినా బ్రేకు ఈడుస్తుంది. ఆ కీలుకు మాత్రం గ్రీజు పెడతారు, ప్యాడుకు అంటకుండా, బహుకొద్దిగా.