సిప్పీఘాట్‌లో స్త్రీవాదం: చర్చ సరే, మాట వినే మెట్టు ఎక్కడ?

మార్చి 8 దగ్గర పడగానే కళాశాలల్లో స్త్రీల హక్కులపై చర్చలు మొదలవుతాయి. హాస్టల్ వేళలు, ఆన్‌లైన్ దూషణలు, ఇంటిపని, పెళ్లికి తొందర, తరగతి గదిలో వేధింపులు వంటి విషయాలపై విద్యార్థినులు మాట్లాడతారు. ఆ చర్చల్లో ఉదాహరణలు చాలావరకు ఢిల్లీ, కోల్‌కతాల నుంచి వస్తాయి. 2015లో ఢిల్లీ విద్యార్థినులు హాస్టల్ ఆంక్షలపై నడిపిన 'పింజ్రా తోడ్', 2024 ఆగస్టులో ఆర్జీ కర్ వైద్యురాలి హత్యాచారం తర్వాత అర్ధరాత్రి వీధుల్లోకి వచ్చిన బెంగాల్ మహిళలు అందరికీ తెలుసు. ఇవే ప్రశ్నలను అండమాన్‌లోని సిప్పీఘాట్ లాంటి చోట నుంచి చూస్తే మరో సంగతి బయటపడుతుంది. హక్కు గురించి తెలియడం ఒక ఎత్తు. ఆ హక్కును అడగగలిగే చోటు చేరువలో ఉండటం మరో ఎత్తు.

సిప్పీఘాట్ దక్షిణ అండమాన్‌లో ఉంది. 2024లో శ్రీ విజయ పురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు ఇది సుమారు 14 కిలోమీటర్ల దూరం. 2004 సునామీ సమయంలో నేల కుంగి, సముద్రపు నీరు పొలాల్లో నిలిచిపోయిన ప్రాంతాల్లో ఇదొకటి. బతుకుదెరువు కోసం వచ్చిన బెంగాలీ, తమిళ, తెలుగు కుటుంబాలతో ఈ దీవులు నిండాయి. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. వీరిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లినవారు, వారి పిల్లలు. ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, తరగతిలో ఇంగ్లిష్ అన్నది అక్కడి అమ్మాయిలకు మామూలే.

చదువులో ఈ దీవులు వెనకబడలేదు. 2011లో ఇక్కడి స్త్రీల అక్షరాస్యత 82 శాతం దాటింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 59 శాతమే. కానీ చదువుకున్న అమ్మాయికి అన్యాయం జరిగితే ఆమె ఎక్కే మెట్లు ఎటు పోతాయో చూడండి. ఇక్కడి ప్రభుత్వ కళాశాలలు దశాబ్దాల పాటు పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచాయి. హైకోర్టు కలకత్తాది, పోర్ట్ బ్లెయిర్‌లో దాని సర్క్యూట్ బెంచ్ ఉంది. పాలన కేంద్ర హోంశాఖ చేతిలో ఉంది. శాసనసభ లేదు, లోక్‌సభలో ఉన్నది ఒక్క సీటు. ఆ సీటు నుంచి ఇంతవరకు ఒక్క మహిళ కూడా గెలవలేదు. 2023లో ఆమోదం పొందిన మహిళా రిజర్వేషన్ సవరణ అమల్లోకి వచ్చినా, అసెంబ్లీయే లేని దీవుల మహిళకు అసెంబ్లీ సీటు ఎక్కడిది?

ఈ దూరం ఎంత బరువైనదో 2022 నాటి కేసు చూపింది. ఉద్యోగం ఆశ చూపి తనను ఇంటికి పిలిపించి సామూహిక అత్యాచారం చేశారని 21 ఏళ్ల యువతి ఫిర్యాదు చేసింది. నిందితుల్లో దీవుల మాజీ ప్రధాన కార్యదర్శి ఒకరు. ఆయన ఆరోపణలను ఖండించారు. హోంశాఖ సస్పెండ్ చేసింది, పోలీసులు అరెస్టు చేశారు, 2023 ఫిబ్రవరిలో హైకోర్టు బెయిలు ఇచ్చింది. నిజానిజాలు తేల్చాల్సింది న్యాయస్థానమే. అయితే ఆ ఫిర్యాదు లేవనెత్తిన ప్రశ్న కేసుతో ముగిసేది కాదు. ప్రభుత్వ కొలువే ప్రధాన ఆశగా ఉన్న చోట, ఉద్యోగం ఇవ్వగల వ్యక్తి మీద ఉద్యోగం అడిగే అమ్మాయి ఎవరికి చెప్పుకోవాలి?

చట్టంలో జవాబు కొంత ఉంది. బాల్య వివాహాన్ని అడ్డుకోబోయి 1992లో సామూహిక అత్యాచారానికి గురైన రాజస్థాన్ కార్యకర్త భన్వరీ దేవి ఉదంతం నుంచి 1997లో సుప్రీంకోర్టు 'విశాఖ' మార్గదర్శకాలు పుట్టాయి. ఆ పేరు మన విశాఖపట్నానిది కాదు, కోర్టుకెక్కిన మహిళా సంస్థది. వాటి ఆధారంగా 2013లో పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2015లో ఉన్నత విద్యాసంస్థల కోసం యూజీసీ నిబంధనలు వచ్చాయి.

కళాశాల చర్చల్లో చాలా తక్కువగా వినిపించేది ఈ యూజీసీ నిబంధనల్లోని వివరమే. ప్రతి సంస్థలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు కావాలి. రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి పెద్ద పదవుల్లో ఉన్నవారు అందులో ఉండకూడదు. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే ముగ్గురు విద్యార్థులు కూడా కూర్చోవాలి, వారిని ప్రజాస్వామికంగా ఎన్నుకోవాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఈలోగా ఆరోపణలు ఎదుర్కొంటున్న అధ్యాపకుడు ఫిర్యాదుదారు పరీక్షలు దిద్దకుండా ఆపవచ్చు. ఇంటర్నల్ మార్కుల భయంతో నోరు మూసుకునే అమ్మాయికి ఈ ఒక్క నిబంధన ఎంత ధైర్యమో చెప్పనక్కర్లేదు.

కాగితం మీది కమిటీ ఎవరినీ కాపాడదు. చట్టం వచ్చిన పదేళ్లకు, 2023 మేలో, దాని అమలులోని లోపాలను సుప్రీంకోర్టు తీవ్రంగా ఎత్తిచూపింది. 2024 డిసెంబరులో మళ్లీ ఆదేశాలు ఇవ్వాల్సి వచ్చింది. 2025 జులైలో ఒడిశాలోని బాలాసోర్‌లో, విభాగాధిపతిపై చేసిన ఫిర్యాదుకు న్యాయం జరగలేదన్న ఆవేదనతో ఒక విద్యార్థిని కళాశాల ఆవరణలోనే నిప్పంటించుకుని చనిపోయింది. ఆమెకు చట్టం తెలియక కాదు. ఫిర్యాదు చేసింది, ఎదురుచూసింది.

చిన్న దీవిలో అందరూ అందరికీ తెలిసినవారే, గోప్యత నిలవదు, విద్యార్థులను కమిటీలో కూర్చోబెడితే ఊరంతా పాకుతుంది అనే వాదన ఉంది. ఆ భయం నిజమే. అందుకే కమిటీలో బయటి వ్యక్తి ఒకరు సభ్యులుగా ఉండాలన్న నియమం, గోప్యత పాటించాలన్న నియమం పెట్టారు. విద్యార్థులను తప్పించడం దానికి మందు కాదు. పైగా తోటి విద్యార్థిని అక్కడ ఉందని తెలిస్తేనే మొదటి మాట బయటికి వస్తుంది. నిరూపించలేకపోయిన ఫిర్యాదు అంతమాత్రాన అబద్ధపు ఫిర్యాదు కాదని 2013 చట్టమే చెబుతోంది. ఈ సంగతి హిందీలో, తెలుగులో, బెంగాలీలో, తమిళంలో నోటీసు బోర్డు మీద ఉంటే ఇంట్లోవాళ్లకూ అర్థమవుతుంది.

హైదరాబాద్ విద్యార్థినికి కమిటీ పనిచేయకపోతే మహిళా సంఘాలు, పత్రికలు, హైకోర్టు ఒకే నగరంలో దొరుకుతాయి. సిప్పీఘాట్ అమ్మాయికి మొదటి మెట్టు కూలితే మిగిలిన మెట్లు చాలావరకు సముద్రం అవతలే. కాబట్టి ఈసారి మార్చి చర్చలో స్త్రీవాదపు నిర్వచనంతో పాటు మరో మూడు ప్రశ్నలు అడగాలి. మన కళాశాల కమిటీలో ఎవరున్నారు? విద్యార్థి సభ్యులను ఎప్పుడు ఎన్నుకున్నారు? గత ఏడాది ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్ని 90 రోజుల్లో తేలాయి? జవాబు చెప్పాల్సింది వక్తలు కాదు, యాజమాన్యం.