షట్టర్ ఎత్తకముందే వినాలి

హైదరాబాద్‌లోని చిక్కడపల్లి, అశోక్‌నగర్, నారాయణగూడ గల్లీల్లో ఇప్పుడు ఇరుగుపొరుగు తగాదాలన్నీ వ్యాపారాల చుట్టూనే తిరుగుతున్నాయి. పక్కింట్లో వెలిసిన హాస్టల్, సెల్లార్‌లో నడుస్తున్న స్టడీ హాల్, గేటుకు అడ్డంగా నిలిపిన బండ్లు, కిటికీ కింద మోగే జనరేటర్. వీటిని తేల్చాల్సిన నగరపాలక సంస్థ వ్యాపారం మొదలై, ఇరుపక్షాలూ నష్టపోయాక గానీ కదలదు. కదిలినా నోటీసు అంటించడమో సీలు వేయడమో తప్ప మరో దారి వెతకదు. ఈ తీరు మారాలి. నివాస గల్లీలో హాస్టల్, కోచింగ్ సెంటర్, హోటల్ వంటి వాటికి లైసెన్సు ఇచ్చేముందే వార్డు స్థాయిలో బహిరంగ విచారణ జరగాలి. 30 రోజుల్లో కారణాలు రాసి నిర్ణయం చెప్పాలి. దీన్ని చట్టంలో చేర్చాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాం.

కోచింగ్ సెంటర్లు ఈ ప్రాంతానికి పట్టిన పీడ అన్న వాదనతో మేము ఏకీభవించం. గ్రూప్-1, గ్రూప్-2 అంటూ జిల్లాల నుంచి వచ్చే పిల్లలకు అశోక్‌నగర్ ఒక ఆశ. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కోసం ఎదురుచూసే ఆ పిల్లల వల్లే మెస్సులు, టిఫిన్ సెంటర్లు, జిరాక్స్ దుకాణాలు బతుకుతున్నాయి. అయితే అదే గల్లీలో తరాలుగా ఉంటున్న కుటుంబాలూ ఉన్నాయి. ఇల్లు హాస్టల్‌కు అద్దెకిచ్చిన యజమాని శివారు విల్లాకో, అమెరికాలో పిల్లల దగ్గరికో వెళ్లిపోవచ్చు. పొంగే డ్రైనేజీతో మిగిలేది పక్కింటివాళ్లు. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా పక్కన పెరిగిన బస్తీలివి. గట్టి వాన పడితేనే గుండె దడదడలాడుతుంది. నాలుగు కుటుంబాలకని వేసిన పైపు మీద వంద మంది భారం పడితే ఏమవుతుందో ఇంజనీర్లు చెప్పక్కర్లేదు.

ఫిర్యాదు చేయబోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి? భవన వినియోగం టౌన్ ప్లానింగ్ విభాగానిది. ట్రేడ్ లైసెన్సు ఆరోగ్య, పారిశుద్ధ్య విభాగానిది. బండ్ల సంగతి ట్రాఫిక్ పోలీసులది, చప్పుడు స్థానిక ఠాణాది, డ్రైనేజీ జలమండలిది. ఒక్క సెల్లార్ మీద అయిదు కార్యాలయాల చుట్టూ తిరగాలి. ట్రేడ్ లైసెన్సు రుసుమును రోడ్డు వెడల్పును బట్టి చదరపు అడుగుకు ఇంతని లెక్కగడతారు. ఆ రోడ్డు ఆ వ్యాపారాన్ని మోయగలదా అని మాత్రం అక్కడ నివసించే వాళ్లను ఎవరూ అడగరు. చివరికి నగరపాలక సంస్థ చట్టం 452 సెక్షన్ కింద నోటీసు వెళ్తుంది, యజమాని కోర్టు నుంచి స్టే తెచ్చుకుంటాడు, వ్యవహారం అక్కడే ఆగిపోతుంది.

ఈ ఆలస్యానికి మూల్యం ఎలా ఉంటుందో 2024 జులై 27న ఢిల్లీలో చూశాం. ఓల్డ్ రాజిందర్‌నగర్‌లో సివిల్స్ కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌ను వరద ముంచెత్తి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఇక్కడి సెల్లార్లలోలాగే ఆ బేస్‌మెంట్‌లోనూ నడుస్తున్నది లైబ్రరీ. అదే ఏడాది డిసెంబర్ 17న సుప్రీంకోర్టు మీరట్ కేసులో తీర్పు ఇస్తూ, అక్రమ కట్టడాల్లో వ్యాపార లైసెన్సులు ఇవ్వరాదని, కళ్లు మూసుకున్న అధికారులపై చర్య తీసుకోవాలని ఆదేశించింది. అంతకు నెల ముందు, నవంబర్ 13న, కూల్చివేతలకు 15 రోజుల నోటీసు, స్వయంగా చెప్పుకునే అవకాశం తప్పనిసరి అని చెప్పింది. కఠినంగా ఉండండి, కానీ ముందు వినండి అన్నది ఈ రెండు తీర్పుల సారం.

మన నగరంలోనే జూబ్లీహిల్స్ వాసులు పబ్బుల చప్పుడుపై హైకోర్టుకెళ్లి, 2022 సెప్టెంబర్‌లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా సంగీతం వినిపించరాదన్న మధ్యంతర ఉత్తర్వు తెచ్చుకున్నారు. నివాస ప్రాంతంలో రాత్రి శబ్దం 45 డెసిబెల్స్ దాటరాదని 2000 నాటి నిబంధనలే చెబుతున్నాయి. ఉన్న నిబంధన అమలుకు హైకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. లాయరు ఫీజు కట్టలేని అశోక్‌నగర్ పింఛనుదారుకు ఆ దారి కూడా లేదు.

మేం చెప్పే విచారణ ఖర్చులేనిది. దరఖాస్తు రాగానే భవనం గేటుకు తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషుల్లో బోర్డు పెట్టాలి. ఇరుగుపొరుగుకు 15 రోజులు గడువివ్వాలి. అందరూ పని ముగించుకొని వచ్చే సాయంత్రం వేళ, అయిదు శాఖల అధికారులూ ఒకే గదిలో కూర్చొని వినాలి. ఎంతమందికి చోటు, బండ్లు ఎక్కడ, జనరేటర్ ఎక్కడ, చెత్త ఎప్పుడు తీస్తారు అన్న షరతులు లైసెన్సు మీదే రాయాలి. ఏటా రెన్యువల్ నాడు వాటినే తనిఖీ చేయాలి. ఇంగ్లండ్ 2018లో తన ప్రణాళికా విధానంలో చేర్చుకున్న సూత్రం ఇక్కడా పనికొస్తుంది: కొత్తగా వచ్చి పరిస్థితి మార్చినవాళ్లే దాని ఖర్చు భరించాలి. ఇది ఇద్దరికీ వర్తిస్తుంది. పాతికేళ్లుగా నడుస్తున్న హోటల్ పక్కన కొత్తగా ఫ్లాట్లు కట్టే బిల్డర్ కిటికీలకు చప్పుడు రాని అద్దాలు తానే పెట్టించాలి.

దీనివల్ల లంచాలు పెరుగుతాయని వ్యాపారులు భయపడతారు. లంచం బతికేది రాతలో లేని షరతుల మీద. నిర్ణయం అందరి ముందు, కారణాలతో వెలువడితే చాటుమాటు బేరానికి చోటు తగ్గుతుంది. నివాసులకూ ఒక హద్దు ఉండాలి. అభ్యంతరం చప్పుడు, అగ్ని ప్రమాదం, దారి, నీరు, డ్రైనేజీ మీదే చెల్లాలి. అద్దెకొచ్చే పిల్లల కులం, మతం, వాళ్లు వండుకునే కూర, అమ్మాయిలు ఇంటికొచ్చే వేళ గురించి ఒక్క మాట మాట్లాడినా ఆ అభ్యంతరాన్ని అక్కడికక్కడే తోసిపుచ్చాలి.

ఇప్పటికే నడుస్తున్న వాటి విషయంలో సెల్లార్ తరగతులు, సెల్లార్ లైబ్రరీలు వెంటనే ఖాళీ చేయించాలి. ఇందులో రాజీ లేదు. మిగతా వాటికి ఆరు నెలల గడువిచ్చి ఇదే విచారణకు పిలవాలి. పరీక్షల ముందు విద్యార్థులను రోడ్డున పడేసే మూకుమ్మడి సీళ్లు వద్దు.

2023 జూన్ 16న పక్కనే ఉన్న కాచిగూడలో మొదలుపెట్టి, నాటి నగరంలోని 150 వార్డులకూ కార్యాలయాలు ప్రకటించారు. వాటికి ఫిర్యాదు పుస్తకం దక్కింది, తేల్చే అధికారం దక్కలేదు. ఆ అధికారాన్ని వచ్చే శాసనసభ సమావేశాల్లో సవరణతో ఇవ్వాలి. అప్పటిదాకా ఆగక్కర్లేదు. కొత్త హాస్టళ్లు, కోచింగ్ సెంటర్ల దరఖాస్తులపై విచారణను అశోక్‌నగర్, చిక్కడపల్లి ప్రాంత వార్డుల్లో కమిషనర్ ఒక సర్క్యులర్‌తో ఈ నెలలోనే మొదలుపెట్టవచ్చు.