తొమ్మిదో తరగతి గుమ్మం దగ్గర ఆగిపోతున్న శ్రద్ధ

పరీక్షల తరువాత జవాబు పత్రాలు పంచే రోజున ఉన్నత పాఠశాలల్లో తరచూ కనిపించే దృశ్యం ఒకటి ఉంది. ఉపాధ్యాయుడు పత్రాల కట్టతో తరగతిలోకి వస్తారు. ఒక్కొక్కరి పేరు పిలిచి, మార్కులు అందరికీ వినిపించేలా చదువుతారు. తక్కువ మార్కులు వచ్చిన విద్యార్థి తల వంచుకుని పత్రం అందుకుని వెనక బెంచీకి వెళతాడు. ఇందులో ఉపాధ్యాయునికి దురుద్దేశం ఉండకపోవచ్చు. నలుగురిలో చిన్నబోతే పౌరుషం వచ్చి చదువుతాడన్నది తరాలుగా వస్తున్న నమ్మకం. ఆ నమ్మకం చెల్లదని దేశ అత్యున్నత న్యాయస్థానం 2025 జులై 25న ఇచ్చిన తీర్పు చెబుతోంది.

విశాఖపట్నంలో నీట్ పరీక్షకు సిద్ధమవుతున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జులైలో మరణించింది. ఆ కేసును విచారించిన జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతాల ధర్మాసనం దర్యాప్తును సీబీఐకి అప్పగించడంతో పాటు, విద్యార్థుల మానసిక ఆరోగ్య రక్షణకు 15 మార్గదర్శకాలు జారీ చేసింది. తగిన చట్టం వచ్చేవరకు ఇవి పాఠశాలలు, కళాశాలలు, శిక్షణ కేంద్రాలు, వసతి గృహాలు అన్నింటికీ వర్తిస్తాయి. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారన్న జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కలను ధర్మాసనం ప్రస్తావించింది. పరీక్షల్లో వైఫల్యం కారణంగా నమోదైన మరణాలు 2,248 అని గుర్తు చేసింది.

ఈ మార్గదర్శకాలలో ఎక్కువగా ప్రచారం పొందినది కౌన్సెలర్ నియామకం. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలర్ గానీ, మనస్తత్వ నిపుణులు గానీ, సామాజిక కార్యకర్త గానీ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. టెలిమానస్ వంటి సహాయ కేంద్రాల నంబర్లను అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలిమానస్ సేవలు 14416 నంబరుపై రోజంతా ఉచితంగా అందుతున్నాయి.

అంతగా చర్చకు రాని మార్గదర్శకం మరొకటి ఉంది. మార్కుల ఆధారంగా విద్యార్థులను వేర్వేరు బ్యాచులుగా విడదీయడం, అందరిముందు అవమానించడం, శక్తికి మించిన లక్ష్యాలు విధించడం మానుకోవాలని అది చెబుతోంది. కౌన్సెలర్ పోస్టును ఒక ఉత్తర్వుతో భర్తీ చేయవచ్చు. ఈ రెండో ఆదేశం అమలు కావాలంటే మాత్రం తరగతి గదిలో బోధన తీరే మారాలి. విద్యార్థి మనసుకు గాయం చేసే పద్ధతి ఏడు పీరియడ్లూ సాగుతుంటే, ఎనిమిదో పీరియడులో కౌన్సెలింగ్ ఇచ్చి ప్రయోజనం స్వల్పం.

చట్టపరమైన రక్షణ సన్నగిల్లేది కూడా సరిగ్గా ఈ దశలోనే. 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక దండననే కాక మానసిక వేధింపును కూడా నిషేధించింది. అయితే ఆ చట్టం పరిధి 6 నుంచి 14 ఏళ్ల వరకే. అంటే ఎనిమిదో తరగతితో ఆ రక్షణ దాదాపు ముగుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే బడుల్లో దండనను నిషేధించడం వంటి రాష్ట్రస్థాయి చర్యలు ఉన్నా, జాతీయ చట్టంలోని ఖాళీ అలాగే ఉంది. ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలల్లో 2018లో మొదలైన ఆనంద పాఠ్యప్రణాళికను కూడా ఎనిమిదో తరగతి వరకే రూపొందించారు. పిల్లలు బడి మానేసే శాతం అత్యధికంగా ఉన్నది కూడా ఉన్నత పాఠశాల దశలోనే. 2024-25 యుడైస్ ప్లస్ నివేదిక ప్రకారం అది 8.2 శాతం.

పిల్లల మాట కూడా ఇదే చెబుతోంది. ఎన్‌సీఈఆర్‌టీ 2022 జనవరి నుంచి మార్చి వరకు 6 నుంచి 12 తరగతుల విద్యార్థులు 3,79,842 మందిపై మానసిక ఆరోగ్య సర్వే జరిపింది. ఆందోళనకు కారణం చదువేనని 50 శాతం, పరీక్షలు, ఫలితాలని 31 శాతం చెప్పారు. ప్రశ్న అడగడానికి సంకోచిస్తామన్నవారు 28 శాతం. మాధ్యమిక దశ దాటి ఉన్నత దశకు చేరేసరికి బడి జీవితంపై సంతృప్తి తగ్గుతున్నట్లు కూడా సర్వే గుర్తించింది.

ప్రశ్న అడగలేని విద్యార్థికి పాఠం అందదు. పాఠం అందనివారికి పరీక్ష భయం పెరుగుతుంది. ఈ వలయాన్ని ఛేదించడానికి పెద్ద నిధులు అవసరం లేదని విద్యా పరిశోధన ఏనాడో చూపింది. ఉపాధ్యాయులు ప్రశ్న వేసిన తరువాత సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని, మూడు సెకన్లు ఆగితే ఎక్కువమంది విద్యార్థులు, మరింత వివరంగా సమాధానాలు చెబుతారని అమెరికా విద్యావేత్త మేరీ బడ్ రో 1970లలోనే తేల్చారు. అలాగే, మార్కులు పైకి చదవకుండా తప్పు ఎక్కడ జరిగిందో పత్రంపైనే రాసి ఇచ్చినప్పుడు విద్యార్థి దృష్టి పరువు మీద నుంచి పాఠం మీదికి మళ్లుతుంది.

విద్యార్థులకు బాధ్యత అప్పగించడం మరో మార్గం. 2020లో ప్రారంభమైన ఆయుష్మాన్ భారత్ పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి, ప్రతి తరగతి నుంచి ఇద్దరు విద్యార్థులను ఆరోగ్య దూతలుగా ఎంచుకోవాలని నిర్దేశించింది. కేరళలో 2018లో మొదలైన లిటిల్ కైట్స్ క్లబ్బులు ఉన్నత పాఠశాల విద్యార్థులకు సాంకేతిక నైపుణ్యాలు నేర్పుతూ, బడి పనుల్లో భాగస్వాములను చేస్తున్నాయి. గణితంలో వెనుకబడిన బాలుడు కెమెరా పట్టడంలో ముందుండవచ్చు. తనకూ ఒక చోటు ఉందన్న భావన కలిగించడంలో ఇలాంటి అవకాశాలకు విలువ ఉంది.

ఇక్కడ ఉపాధ్యాయుల పక్షాన వినిపించే అభ్యంతరాలు తోసిపుచ్చదగినవి కావు. కిక్కిరిసిన తరగతిలో మందగించినవారి కోసం ఆగితే సిలబస్ పూర్తి కాదు. ఫలితాల శాతం తగ్గితే సంజాయిషీ చెప్పుకోవలసింది వారే. జనగణన, ఎన్నికల విధులకు వారిని వినియోగించుకోవడానికి విద్యాహక్కు చట్టమే 27వ సెక్షన్ కింద వీలు కల్పించింది. మరోవైపు ఇంజినీరింగ్, వైద్య సీట్ల పోటీని చూసి, మార్కుల ప్రకారం సెక్షన్లు విడదీసే బడినే మంచి బడిగా భావించే తల్లిదండ్రులూ తెలుగు రాష్ట్రాల్లో తక్కువేమీ కాదు. ఉపాధ్యాయులను కేవలం ఉత్తీర్ణత శాతంతో కొలుస్తున్నంత కాలం, వారు పిల్లలను మరోలా కొలుస్తారని ఆశించడం కష్టం.

మూల్యాంకనంలో కొంత కదలిక కనిపిస్తోంది. విద్యార్థి స్వీయ అంచనా, తోటివారి అంచనా కలిసిన సమగ్ర ప్రగతి పత్రాన్ని 2020 జాతీయ విద్యా విధానం సూచించింది. 2026 నుంచి పదో తరగతికి ఏడాదిలో రెండు బోర్డు పరీక్షల పద్ధతిని సీబీఎస్ఈ తెచ్చింది. మొదటిది తప్పనిసరి, రెండోది మూడు సబ్జెక్టుల వరకు మార్కులు మెరుగుపరచుకునే అవకాశం. ఒక్క రోజుతో జీవితం తేలిపోతుందన్న భయాన్ని ఇది తగ్గించవచ్చు. తరగతి వాతావరణం మారకపోతే అదే భయం రెండు విడతలుగా రావడానికీ ఆస్కారం ఉంది.

సుప్రీంకోర్టు రాష్ట్రాలకు రెండు నెలల గడువు విధించినది ప్రైవేటు శిక్షణ కేంద్రాల నియంత్రణ నిబంధనలకు. బ్యాచుల విభజన, బహిరంగ అవమానం మానాలన్న ఆదేశానికి ముందు ‘సాధ్యమైనంత వరకు’ అన్న మాట ఉంది. ఆ మాటను సాకుగా తీసుకోవాలా, బాధ్యతగా తీసుకోవాలా అన్నది పాఠశాల విద్యాశాఖలు, ప్రధానోపాధ్యాయుల చేతుల్లో ఉంది. కౌన్సెలర్ల నియామకాల లెక్క ఏటా నివేదికల్లో చేరుతుంది. వచ్చే పరీక్షల తరువాత జవాబు పత్రాలను ఎలా పంచారన్నది మాత్రం ఆ తరగతిలో కూర్చున్న పిల్లలకే తెలుస్తుంది. తనిఖీకి వెళ్లే అధికారులు వారినే అడగాలి.