మకుటం తగిలిస్తే వేమనది కాదు

మీ ఫోనుకు ఇవాళో రేపో ఒక పద్యం వస్తుంది. చక్కటి నీతి, చివర వేమన మకుటం. నలుగురికీ పంపబోతారు. ఆగండి. ఏ తాళపత్రంలోనూ లేని ఆ పద్యం నిన్న రాత్రి ఏఐ అల్లినది కావచ్చు.

వేమన పేర పద్యాలు కట్టడం కొత్తేమీ కాదు. 1829లో సి.పి. బ్రౌన్ వాటిని అచ్చు వేయించేనాటికే ఒక్కో ప్రతిలో ఒక్కో పాఠం. అయితే అప్పుడు దొంగపద్యం కట్టాలన్నా ఆటవెలది నడక తెలిసుండాలి. ఇప్పుడు ఆ పాటి శ్రమ కూడా లేదు. గణాలు తప్పితే తెలిసినవాళ్లు పట్టేస్తారు, కుదిరినవాటితోనే చిక్కు. పురాణాల పేరు చెప్పడం మరీ తేలిక. స్కాంద పురాణంలో 81 వేల శ్లోకాలని ప్రతీతి. అందులో లేదని ఎవరు వెతికి చెప్పొచ్చారు? ఏఐ మాత్రం అధ్యాయం, శ్లోకసంఖ్యతో సహా అప్పజెబుతుంది. ఒక్కసారైనా నసిగితే మనకు అనుమానం వచ్చేది!

2024 ఏప్రిల్‌లో అమెరికాలో కేథలిక్ ఆన్సర్స్ అనే సంస్థ ‘ఫాదర్ జస్టిన్’ అనే ఏఐ పాదిరిని దించింది. అత్యవసరమైతే గేటరేడ్ అనే శీతలపానీయంతో బాప్తిస్మం ఇవ్వొచ్చన్నాడాయన. జనం నవ్వారు, కొద్దిరోజుల్లోనే పాదిరి వేషం తీసేయించారు. నవ్వు తెప్పించే తప్పు కాబట్టి దొరికిపోయింది.

నవ్వు రాని తప్పులు గ్రంథాలయాల్లో చేరుతున్నాయి. పాత అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసి యంత్రంతో చదివిస్తే ‘మ’ కాస్తా ‘వు’ అవుతుంది. చుక్క చెరిగితే ‘థ’ ‘ధ’ అయిపోతుంది. తాళపత్రంలోనైతే పదాల మధ్య ఎడమే ఉండదు. పురుగు తిన్నచోట పాత యంత్రం ఖాళీ వదిలేసేది. ఏఐ ఊరుకోదు, అర్థం కుదిరేలా తనే ఏదో పూరిస్తుంది. ఆ పాఠాన్నే మరో ఏఐ నేర్చుకుంటుంది, రేపు పరిశోధక విద్యార్థి సాక్ష్యంగా చూపిస్తాడు.

గ్రంథాలయాధికారులకు విన్నపం: స్కాన్ చేసిన పుట బొమ్మ పక్కన లేకుండా యంత్రం చదివిన పాఠాన్ని పాఠకుడికి ఇవ్వొద్దు. ఏఐ పూరించిన అక్షరాలను వేరే రంగులో చూపండి.

ప్రవచనకారులు, పాస్టర్లు, భజన బృందాలవారు కూడా వినాలి. తాళ్లపాక సంకీర్తనలు రాగిరేకుల మీద ఉన్నాయి, వాటికి రేకుల సంఖ్యలున్నాయి. ఎవరైనా అన్నమయ్యదంటూ కొత్త పాట తెస్తే ఏ రేకుదో అడగండి. పద్యమైతే ఏ ప్రతి, ఏ పుట అని అడగండి. చెప్పిన పుట తెరిచి కళ్లతో చూసేదాకా మైకు ముందు దాని ఊసెత్తకండి.